పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే

ఆసుపత్రిలో ఆయన్ని అందరూ బిగబట్టు మామయ్య అనేవాళ్ళు. ఎక్స్‌రే గదిలో గోడకి ఆనించి నిలబెట్టిన ప్రతి మనిషికీ ఆయన చెప్పేవి అవే మాటలు. "గాలి పీల్చు. బిగబట్టు. ఊఁ, ఇక వదులు." ఉద్యోగంలో చేరిన నాటి నుంచి జుట్టు నెరిసేదాకా అదే వరస. పిల్లలకి అర్థం కాకపోతే పక్కన నిలబడి తనే బుగ్గలు పూరించి చూపించేవాడు. "పెళ్ళి ఫోటోలు తీసేవాడు నవ్వమంటాడు, మా బామ్మర్ది ఊపిరాపమంటాడు. ఇద్దరిలో ఎవరి ఫోటోకి ఎక్కువ భయపడాలో మీరే చెప్పండి" అని ఆయన బావ పదిమందిలో అడిగేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. మామయ్య కూడా నవ్వేవాడు గాని, ఆ నవ్వు మీసం దాటి బయటికొచ్చేది కాదు.

ఆయన తీరే అంత. కోపమొస్తే చెవులు ఎర్రబడతాయి, నోరు పెగలదు. సంతోషమొచ్చినా చెవులే ఎర్రబడతాయి. ఏది ఎందుకో భార్యే పోల్చుకోవాలి. "అందరికీ బిగబట్టు బిగబట్టు అని చెప్పీ చెప్పీ ఈయన వదలడం మర్చిపోయాడు" అని ఆమె విసుక్కునేది.

బావ దానికి పూర్తిగా ఎదురు. మామయ్య అక్కని చేసుకున్న మనిషి. కారు నడపడం నేర్పే బడి ఒకటి నడుపుతాడు. సగం జీవితం పక్క సీట్లో కూర్చుని "బ్రేకు, బ్రేకు! ఆ కాలు కాదయ్యా మహానుభావా, ఇంకో కాలు!" అని అరవడంతోనే గడిచిపోయింది కాబట్టి ఇంట్లో మంచినీళ్ళు అడిగినా వీధి చివరికి వినపడేది. ఇలాంటి ఇద్దరికీ ఎలా పొసిగిందో ఎవరికీ తెలియదు. ఆదివారాలు ఆ పాత కారు ముందు సీట్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఎక్కడికీ వెళ్ళకుండా, ఒకడు మాట్లాడుతూ ఒకడు వింటూ మధ్యాహ్నం దాకా గడిపేసేవాళ్ళు.

అలాంటి రోజుల్లో ఆ జబ్బు వచ్చింది. ఊపిరితిత్తుల్ని పట్టేసే జ్వరం. దేశాలకి దేశాలు తలుపులు వేసుకున్నాయి. ఆసుపత్రి వెనక భవనాన్ని ఖాళీ చేయించి, కిటికీలకి ప్లాస్టిక్ పట్టాలు బిగించి, ఆయాసంతో వచ్చినవాళ్ళందరినీ అందులో పెట్టారు. బయటివాళ్ళు లోపలికి పోకూడదు. లోపలివాళ్ళు, జబ్బు లేదని తేలేదాకా, బయటికి రాకూడదు.

మామయ్య ఇల్లు రెండు వీధుల అవతలే. కానీ భార్యకి ఉబ్బసం. జబ్బు మోసుకెళ్ళి ఆమెకి అంటిస్తే ఇంకేమన్నా ఉందా అని ఆయన ఇంటికి పోవడం మానేశాడు. ఎక్స్‌రే గది వెనక పాత డార్క్‌రూము ఒకటుంది. కంప్యూటర్లు రాకముందు ఎర్రదీపం కింద ఫిల్ములు కడిగిన గది అది. కిటికీ లేదు, గాలికి కన్నం లేదు, తలుపు సందుల్లోంచి వెలుతురు రాకుండా నల్లగుడ్డ కుట్టి ఉంది. అందులో మడతమంచం వేసుకున్నాడు. మందునీళ్ళ పులుపు వాసన ఇన్నేళ్ళైనా గోడలకి అలాగే ఉంది. పొద్దున లేవగానే తెల్లారిందో లేదో తెలిసేది కాదు. తలుపు తీసి చూసుకోవాలి.

పని పద్ధతి కూడా మారిపోయింది. మనిషిని గోడ దగ్గర నిలబెట్టి తీసే రోజులు పోయాయి. చక్రాల మిషనుని మంచం దగ్గరికే తోసుకుపోవాలి. బొమ్మ పట్టే పలకకి ప్లాస్టిక్ సంచి తొడిగి, వీపు కింద దూర్చి తీయాలి. మొదట్లో ఆయన, కూర్చోగలిగినవాళ్ళని కూర్చోబెట్టే తీసేవాడు. కూర్చోబెట్టాలంటే ఎవరైనా పట్టుకోవాలి. పట్టుకోవడానికి మనుషుల్లేరు. తలనుంచి కాలిదాకా కప్పేసిన ఆ సూటులో నాలుగు మంచాలు తిరిగేసరికి చెమట బూట్లలోకి దిగేది, కళ్ళద్దాలు ఆవిరి కమ్మేసేవి. "పడుకున్నవాళ్ళని పడుకోబెట్టే లాగించెయ్ మామయ్యా. తెల్లమచ్చలున్నాయా లేవా అన్నది తెలిస్తే మాకు చాలు" అని పై డాక్టరొకాయన అన్నాడు. మామయ్య తలూపాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే చెయ్యి దానికి అలవాటు పడిపోయింది. కూర్చుని కనబడిన మనిషిని కూడా "పడుకోండి" అనడం మొదలుపెట్టాడు.

ఒకరోజు అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావకి సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోందిరా. మెట్లెక్కితే ఆయాసం. మనిషి కూడా తగ్గాడు."

"ఎన్నాళ్ళ నుంచక్కా?"

"నెల దాటే ఉంటుంది. నాకు చెప్పి ఏడిస్తేగా! దగ్గొచ్చినప్పుడల్లా కార్లోకి పోయి అద్దాలెక్కించుకుని దగ్గుతున్నాడు, నేను వినకూడదని. పక్కింటావిడ చెప్తే తెలిసింది."

"తీసుకొచ్చెయ్. నేనున్నాగా."

ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె తీసుకొచ్చింది. గొంతులో పుల్ల పెట్టి చేసిన పరీక్షలో జబ్బు లేదనే వచ్చింది. కానీ మామయ్య తీసిన ఎక్స్‌రేలో కుడివైపంతా తెల్లగా పొగ కమ్మినట్టుంది. "పుల్ల అబద్ధం చెప్పినా చెప్పొచ్చు, ఫిల్ము కనబడుతూనే ఉందిగా" అన్నారు తెర మీద చూసిన డాక్టర్లు. ఆ రోజుల్లో తెల్లగా కనబడిన ప్రతి ఊపిరితిత్తీ ఆ జబ్బు ఖాతాలోకే పోయేది. మామయ్యకీ అనుమానం రాలేదు. గేటు దగ్గర కమ్మీలకి ఇవతల నిలబడి, అవతలున్న అక్కతో తనే చెప్పాడు.

"అదే అక్కా."

అక్క అక్కడే పేవ్‌మెంటు మీద కూలబడిపోయింది. లోపల చేర్చుకున్న మనిషికి ఆమె టిఫిన్ డబ్బా, దుప్పటి ఇచ్చి పంపితే, దుప్పటి మాత్రం లోపలికి పోనిచ్చారు.

తర్వాత ఇంకోసారి పుల్ల పెట్టారు. మళ్ళీ లేదనే వచ్చింది. అయినా బావ బయటికి రావడానికి వీల్లేకపోయింది. ఆయన్ని లోపల పెట్టింది పుల్ల కాదు, ఎక్స్‌రే. ఆ సంగతి మామయ్యకి మడతమంచం మీద పడుకున్నప్పుడల్లా గుర్తొచ్చేది. తాళం వేసిన చెయ్యి తనదే.

వార్డులో అందరికీ ఒకటే వైద్యం. ఆక్సిజన్ మాస్కు, సూదిమందు, బోర్లా పడుకోవడం. బోర్లా పడుకుంటే ఆ జబ్బులో ఊపిరి బాగా ఆడుతుందని తేలింది. చాలామందికి నిజంగానే ఆడేది. ఎటు చూసినా వీపులే. ఒక్క బావ మాత్రం మంచం అంచున కాళ్ళు కిందికి వేలాడేసి, భోజనం పెట్టే చక్రాలబల్లని వాటేసుకుని కూర్చునేవాడు.

పెద్ద సిస్టరు మామయ్యని పట్టుకుంది. "మీ బావగారితో నా వల్ల కావట్లేదు. బోర్లా పడుకోమంటే నాకు కారు నేర్పుతానంటాడు. ఎడంవైపన్నా తిరగమంటే తిట్టాడు. మీరైనా చెప్పండి."

మామయ్య వెళ్ళాడు. ఆ సూట్లలో ఎవరు ఎవరో తెలియదు. బావ మాత్రం నడక చూసే పోల్చేశాడు.

"రావయ్యా... బామ్మర్దీ." రెండు మాటలకి ఒకసారి ఆగాల్సొస్తోంది. వీధి చివరికి వినపడే గొంతు మాస్కులోంచి మంచం దాటడం లేదు. "చందమామ మీదికి... పోతున్నావా?"

"బావా, ఎందుకీ మొండితనం? అందరూ పడుకోవట్లా?"

"పడుకుంటే... నీళ్ళలో... తొక్కిపట్టినట్టుందిరా."

"మొదట్లో అలాగే ఉంటుందట. కాసేపు ఓర్చుకో."

"ఎడంపక్కకి తిరిగానా... అంతే. కుడిపక్కకైతే... పర్లేదు. కూర్చుంటే... ఇంకాస్త నయం." దగ్గు తెర వచ్చింది. బల్ల మీది గ్లాసు గలగలలాడింది. "మీ అక్కతో చెప్పకు. బోర్లా పడుకున్నాడని... చెప్పు."

"అబద్ధం చెప్పమంటావా?"

"నీకు నిజమన్నా... గట్టిగా చెప్పడం... వచ్చా ఏంటి?"

మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. సూటు లోపల కాబట్టి ఎవరికీ కనబడలేదు. బావ భుజం పట్టుకుని పక్కమీదికి వంచబోయాడు. బావ రెండు చేతులతో బల్లని పట్టుకుని వదల్లేదు. అంత బక్కచిక్కిన చేతుల్లో ఆ బలం ఎక్కడిదో! మామయ్యే వదిలేశాడు.

సాయంకాలం రౌండుకి డాక్టరమ్మ వచ్చింది. చదువు పూర్తయి ఎన్నో రోజులు కాలేదు. ముక్కు మీద కళ్ళద్దాలు ఒరుసుకుని పుండు పడింది. బావ వేలికి తగిలించిన ఆక్సిజన్ మీటరు చూసి, మామయ్యని గోడ దగ్గరికి పిలిచింది.

"మీకు బంధువటగా. ఇలా ఉంటే లాభం లేదు. రేపు పొద్దున్నే పై అంతస్తుకి మార్చి గొంతులో గొట్టం వేస్తాం. ఇంట్లోవాళ్ళకి చెప్పండి."

పై అంతస్తుకి చక్రాల మిషను తోసుకుపోయేది మామయ్యే. గొట్టం వేసినవాళ్ళకి రోజూ ఎక్స్‌రే తీసేదీ ఆయనే. అక్కడి మంచాల మీద మనుషులు మారిపోవడం చూస్తూనే ఉన్నాడు. కిందికి దిగి ఇంటికి పోయినవాళ్ళ మొహాలు గుర్తు తెచ్చుకుందామంటే ఒకటీ అరా తప్ప తట్టలేదు.

"ఒక్కపూట చూడండి మేడమ్. మొండివాడు. బోర్లా పడుకుంటాడేమో నేను మళ్ళీ చెప్పి చూస్తా. ఎడంవైపుకి అసలు తిరగనంటున్నాడు, కుడివైపైతే పర్లేదంటాడు. చిన్నపిల్లాడిలా పేచీ."

ఆయన ఫిర్యాదు లాగానే చెప్పాడు. డాక్టరమ్మ మాత్రం వెళ్ళబోయినదల్లా ఆగింది.

"కుడివైపు పడుకుంటే బాగుందన్నారా?"

"అన్నాడు."

"జ్వరం ఎప్పటి నుంచి?"

"నెల దాటిందని మా అక్క చెప్పింది. సాయంత్రం పూట."

"నెలా! ఇక్కడ మాకు వారం అని చెప్పారే."

"నెలంటే... ఇంటికి... పంపించేస్తారని" అన్నాడు బావ మంచం మీంచి. "అంటే... చేర్చుకోరేమోనని."

"మీరు మాట్లాడకండి" అందామె. మంచం వెనక్కి వెళ్ళింది. మెడలో స్టెతస్కోపు లేదు. తలకి టోపీ, టోపీ మీద ముసుగు, చెవులు ఎక్కడో లోపలున్నాయి. ఆ వార్డులో స్టెతస్కోపు పెట్టి ఎవరూ ఎవరి ఛాతీ విని నెలలైంది. ఆమె ఎడమచేతి వేలిని బావ వీపు మీద ఆనించి, దాని మీద కుడిచేతి వేలితో కొట్టింది. పైనుంచి కిందికి. ఎడంవైపు కొట్టి, కుడివైపు కొట్టి, మళ్ళీ ఎడంవైపు.

"ఏమన్నా వినపడుతోందా మేడమ్?" అంది పెద్ద సిస్టరు.

"ఏం వినపడట్లేదు. వేలికి తెలుస్తోంది." ఇంకోసారి కొట్టింది. "ఇటు బోలుగా ఉంది. ఇటు కిందంతా గోడ మీద కొట్టినట్టుంది." తలెత్తి మామయ్యని చూసింది. "ఈయన ఎక్స్‌రే కూర్చోబెట్టి తీశారా, పడుకోబెట్టా?"

మామయ్యకి బావని చేర్చుకున్న రోజు గుర్తొచ్చింది. ఆ రోజు బావ తన కాళ్ళ మీద తను నడిచి వచ్చాడు. నిలబెట్టి తీసినా నిలబడేవాడు. చక్రాల బండి మీద "పడుకో బావా" అన్నది తనే.

"పడుకోబెట్టే" అన్నాడు.

మిగతాది ఆమె చెప్పక్కర్లేకుండానే ఆయనకి తట్టింది. ఊపిరితిత్తికీ పక్కటెముకలకీ మధ్య నీరు చేరితే, కూర్చున్న మనిషిలో అది అడుగుకి దిగి గీత గీసినట్టు కనబడుతుంది. అదే మనిషిని పడుకోబెడితే ఆ నీరు వీపు పొడుగునా పరుచుకుంటుంది. ఫిల్ము మీద గీత ఉండదు, పలచటి తెల్లటి పొగ మాత్రం ఉంటుంది. గ్లాసులో నీళ్ళ మట్టం ఎవరికైనా కనబడుతుంది, పళ్ళెంలో పోస్తే తడి కనబడుతుంది గాని లోతు తెలియదు. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్ళకి ఆయనే నేర్పిన పాఠం అది.

"ఇప్పుడు కూర్చోబెట్టి తీద్దాం" అంది డాక్టరమ్మ.

తీయడం మాటల్లో అన్నంత తేలిక కాలేదు. పలకని వీపుకి ఆనించి ఎవరైనా పట్టుకోవాలి, బావ ముందుకి తూలకుండా ఎవరైనా నిలబడాలి. డాక్టరమ్మ పలక పట్టుకుంది. పెద్ద సిస్టరు బావ చేతులు రెండూ పట్టుకుని ఎదురుగా నిలబడింది. ఇద్దరూ కిరణాలు తగలకుండా సూట్ల మీద సీసం కోట్లు తగిలించుకున్నారు. మామయ్య మిషను సరిచేసి, దూరం జరిగి, అలవాటుగా నోరు తెరిచాడు.

"గాలి పీల్చు బావా. బిగబట్టు."

"ఉంటేగా... పీల్చడానికి" అన్నాడు బావ.

బొమ్మ మిషను మీది చిన్న తెర మీద వచ్చింది. కళ్ళద్దాల ఆవిరిలోంచి ముందు ఏమీ కనబడలేదు. మామయ్య తల అటూ ఇటూ వంచి, పొడిగా మిగిలిన చారలోంచి చూశాడు. కుడివైపు సగం దాకా తెలుపు. ఆ తెలుపు పైఅంచు, గాజుగ్లాసు గోడని నీరు అంటిపెట్టుకున్నట్టు, పక్కటెముకల పక్కన పైకి ఒంపు తిరిగి ఉంది. దాని పైనంతా నల్లగా, శుభ్రంగా ఉంది. ఎడంవైపు మొత్తం శుభ్రంగా ఉంది. ఆ జబ్బు మచ్చ ఒక్కటి లేదు.

"నీరు" అంది డాక్టరమ్మ. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. తర్వాత గోడ ఫోన్ అందుకుని పై డాక్టరుతో మాట్లాడింది. ముసుగులోంచి మాట అవతలికి పోక అరవాల్సొచ్చింది. "గొట్టం వద్దు సార్! నీరుంది, నీరు! గీత కనబడుతోంది! ... ఇక్కడే తీస్తాను సార్. ... తెలుసు సార్. ఇంతకుముందు తీశాను. ... సిస్టరున్నారు."

సూది గుచ్చేటప్పుడు బావ కదలకూడదు. చక్రాలబల్ల మీద తలగడ పెట్టి, దాని మీద ఆయన్ని ముందుకి వాల్చారు. ఎదురుగా మామయ్య నిలబడి రెండు భుజాలూ పట్టుకున్నాడు. జబ్బు వచ్చాక మామయ్య ఏ మనిషినీ ఇంతసేపు ముట్టుకోలేదు. రెండు చేతితొడుగుల మందం అడ్డమున్నా, ఎముకలు చేతికి తగిలాయి. బావ నుదురు ఆయన గుండెలకి ఆనింది.

"ఇప్పుడు కాస్త చురుక్కుమంటుంది" అంది డాక్టరమ్మ వెనకనుంచి.

"మీరు... కొత్తగా నేర్చుకుంటున్నారా అమ్మా?" అన్నాడు బావ. "నేనూ... కొత్తవాళ్ళ పక్కనే... కూర్చుంటా రోజూ. భయం లేదు... కానివ్వండి."

"మీరు మాట్లాడితే నేను గుచ్చను."

బావ నోరు మూశాడు. అంతవరకు ఆయన ఎవరి మాటకీ నోరు మూసిన దాఖలా లేదు. ఆయన వేళ్ళు మామయ్య సూటుని గుప్పిట్లో బిగించి పట్టుకున్నాయి. చిరిగిపోతుందేమో, చిరిగితే జబ్బు లోపలికొస్తుందేమో అన్న ఆలోచన మామయ్యకి వచ్చింది. కానీ చేతులు విడిపించలేదు.

సన్నటి గొట్టంలోంచి సీసాలోకి నీరు దిగడం మొదలైంది. ఎండుగడ్డి రంగులో, తేటగా ఉంది. పెద్ద సిస్టరు సీసా పట్టుకుని చూస్తూ "ఇంత పెట్టుకుని పడుకోమని నేను తిడుతున్నానయ్యా" అంది. సీసా సగం దాటింది. నిండబోతుండగా బావకి దగ్గు ముంచుకొచ్చింది.

"చాలు, ఆపుదాం. ఒక్కసారే మొత్తం తీయకూడదు" అంది డాక్టరమ్మ. పట్టీ వేసి, ఇవతలికి వచ్చి ఆయన మొహం చూసింది. "టీబీ నీరులా ఉంది. పరీక్షకి పంపుతాం. అదే అయితే మందులున్నాయి, నయమవుతుంది."

"అయితే ఇంటికి పంపిస్తారా?" అన్నాడు మామయ్య.

"ఇన్నాళ్ళు ఇంతమంది రోగుల మధ్య ఉంచాం. ఇప్పుడు నిజంగా అంటుకుందేమో చూడాలి. ఆ తర్వాత పాత భవనంలో మంచం దొరకాలి. అప్పటిదాకా ఇక్కడే." ఆమె గొంతులో అలసట తప్ప ఇంకేమీ లేదు.

బావ అదేమీ వినలేదు. ఒక ఊపిరి తీసుకుని, అది చివరిదాకా పోవడం చూసుకుని, నమ్మకం కుదరక ఇంకొకటి తీసుకున్నాడు. తర్వాత ఎవరూ చెప్పకుండా తనంతట తనే పక్కమీదికి వాలాడు. ఎడంవైపుకి తిరిగాడు. కళ్ళు మూసుకున్నాడు.

మామయ్య వార్డు ఫోన్ నుంచి అక్కకి చేశాడు.

"అక్కా, బావ పడుకున్నాడు."

అవతల్నుంచి "పడుకోవడమంటే? ఏమైందిరా? సరిగ్గా చెప్పు!" అని కేక.

"నిద్రపోతున్నాడక్కా. నిద్ర. ఆ జబ్బు కాదు. నీరు పట్టింది, తీశారు. నేను పడుకోబెట్టి తీయబట్టి కనబడలేదు. కూర్చోబెట్టి తీసుంటే ఆ రోజే తెలిసేది."

ఈ చివరి మాట ఆమెకి ఎంతవరకు అర్థమైందో తెలియదు. ఏడుస్తూ "పడుకున్నాడుగా, పడుకోనీ" అంటూ ఉండిపోయింది.

ఆయన ఫోన్ పెట్టేసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. అడగాలా వద్దా అని తటపటాయించి, చివరికి అడిగాడు.

"మేడమ్, కిటికీ పక్క మంచం మీద సంగీతం మాస్టారొకాయన ఉండేవాడు. పోయినవారం పైకి తీసుకెళ్ళారు, అక్కడే పోయాడు. ఆయన కూడా కూర్చునే ఉండేవాడు."

ఆమె రాస్తున్నది ఆపింది. "ఆయనకి జబ్బుందని పరీక్షలోనే వచ్చింది మామయ్యా."

"జబ్బుతో పాటు నీరు ఉండకూడదని లేదుగా."

"లేదు" అందామె. చచ్చిపోయిన మనిషిని మళ్ళీ కూర్చోబెట్టి తీయలేమని ఇద్దరికీ తెలుసు. ఆమె కాగితం పక్కన పెట్టి "కూర్చోగలిగినవాళ్ళందరికీ రేపట్నుంచి కూర్చోబెట్టే తీద్దాం. పట్టుకోవడానికి నేనొస్తాను" అంది.

"రేపెందుకు?" అన్నాడు మామయ్య.

బావ పక్క మంచం మీద బట్టలకొట్టు ముసలమ్మ ఉంది. మిషనుని అటు తిప్పాడు. "అమ్మా, కాస్త లేచి కూర్చోగలవా?" ఆమె కళ్ళు తెరిచింది గాని తల ఎత్తలేకపోయింది. పెద్ద సిస్టరు ఒక చంక, ఆయన ఒక చంక పట్టుకుని లేపారు. మెడ పక్కకి వాలిపోయింది. వేలి మీటరు కీచుమంది. మళ్ళీ పడుకోబెట్టక తప్పలేదు.

ఆయన పలకకి సంచి తొడిగి ఆమె వీపు కింద దూర్చాడు. తీశాడు. తెర మీద రెండువైపులా తెలుపు. అందులో నీరెంతో, జబ్బెంతో ఆ తెలుపు చెప్పదు.

"మేడమ్!" అని వార్డు ఆ చివరనున్న డాక్టరమ్మకి కేకేశాడు. ముసుగులోంచి వినపడదేమోనని, జీవితంలో ఎప్పుడూ ఎత్తనంత గొంతు ఎత్తి మళ్ళీ అరిచాడు. "ఇది పడుకోబెట్టి తీసిందండీ! పడుకోబెట్టి తీసింది! నీరుందో లేదో దీన్ని బట్టి చెప్పలేం! మీరొచ్చి వేలితో కొట్టి చూడండి!"

మంచాల మీద వీపులు కదిలాయి. పక్క మంచం మీంచి బావ కళ్ళు తెరవకుండానే, మధ్యలో ఎక్కడా ఆగకుండా అన్నాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, అరవడం నేర్చుకోడానికి నీకు ఇప్పుడే దొరికిందా, నన్ను పడుకోనియ్యవా?"